మెడ వంచిన ఫోటో

మొవ్వ,
జూన్ మూడో వారం.

స్టెల్లా తల్లికి,

పిన్ని దీవెనలు. బడులు తెరిచారు. ఈ ఏడు ఎనిమిదో తరగతికి నన్నే క్లాస్ టీచర్ని చేశారు. గొంతు ఉన్నది నీకే కదా అన్నారు హెడ్మాస్టరు గారు.

ఉత్తరం ఏంటి, ఫోన్ లేదా అనుకుంటావు. నా ఫోన్ సంగతి నీకు తెలుసు. కుడి చెవి సరిగ్గా వినపడక నేను అరుస్తాను. నేను అరిస్తే వీధంతా వింటుంది. పోనీ మెసేజ్ పెడదామంటే, మొన్న నీకు పెట్టాల్సిన మలబద్ధకం మందు పేరు చర్చి స్త్రీల సమాజం గ్రూపులో పడింది. నలభై మంది 'ఆమేన్' అని పెట్టారు. అప్పట్నుంచి ఆ పెట్టె జోలికి పోవడం లేదు. ఉత్తరమైతే ఎవరికి రాశానో వాళ్ళకే చేరుతుంది.

అసలు సంగతి. మా స్కూల్లో ఒక టీచరు ఉంది. ముఖానికీ మెడకీ ఆపరేషన్ చేయించుకుంటే వయసు తగ్గినట్టు ఉంటుందని ఎక్కడో చదివిందట. మా అక్క కూతురు పనిచేసేది అలాంటి ఆస్పత్రిలోనే అన్నాను. కనుక్కోమంది. కత్తితో కోస్తారా, సూదులతోనే అయిపోతుందా, మచ్చ పడుతుందా, ఎన్నాళ్ళు ఇంట్లో ఉండాలి, అన్నీ రాయి. తొందరేం లేదు. కానీ మర్చిపోకు.

మీ అమ్మ మేక బాగానే ఉంది. నేను మేత వేసి ఎదురుగా నిలబడితే తినదు. లోపలికి వెళ్ళిపోతే తింటుంది. మీ అమ్మ పోయి ఏడాది దాటింది, ఇంకా నన్ను పరాయిదానిలాగే చూస్తుంది.

నీ ఫోటో ఒకటి పంపమని ఎన్నిసార్లు అడగాలి? అందరి ముఖాలూ తీస్తావు, నీది ఎవరు తీస్తారు?

డయానా పిన్ని


విజయవాడ,
జూన్ ఆఖరు.

ప్రియమైన పిన్నికి,

వందనాలు. నీ ఉత్తరాన్ని హాస్టల్ వార్డెన్ గారు వెనకా ముందూ తిప్పి చూసి ఇచ్చారు. కోర్టు నోటీసు అనుకున్నారట.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. వచ్చినవాళ్ళని నీలం గోడ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాను. ఎదురుగా ఒకటి, ఏటవాలుగా అటూ ఇటూ, తర్వాత పక్కల నుంచి. ఆఖరున తల వంచి, పుస్తకం చదువుతున్నట్టు ఒకటి. గడ్డం కింద ఎంత వదులైందో ఆ వంచిన ఫోటోలోనే తెలుస్తుంది. నవ్వకూడదు. నేను ఎక్కువ మాట్లాడక్కర్లేదు. నాకు సరిపోయిన పని.

మొన్న వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్టున్న సంజీవరావు గారని ఒకాయన మెడ చేయించుకోవడానికి వచ్చారు. ఎందుకండీ మీకు అని మా డాక్టర్ భానుశ్రీ గారు అడిగితే, "మా మావగారు జుట్టుకి రంగేసి నా తమ్ముడిలా తయారయ్యాడు మేడం. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చోలేకపోతున్నా" అన్నారు. నవ్వకూడదని ఆయనకి చెప్పి నేనే నవ్వాను.

ఇక ఆ టీచరు గారి సంగతి. సూదులతో అయ్యేది కొంత ఉంది. మన రక్తమే తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు నీరు చర్మంలోకి ఎక్కిస్తారు. పొట్టలో కొవ్వు తీసి, వడగట్టి, గుంటలు పడ్డ బుగ్గల్లో నింపుతారు. దానివల్ల చర్మానికి కాస్త జీవం వస్తుంది. మూల కణాలతో పాతికేళ్ళ ముఖం తెప్పిస్తామని బోర్డులు పెట్టేవాళ్ళని మాత్రం నమ్మొద్దని మా డాక్టరు గారు అంటారు. అదింకా పరిశోధనల్లోనే ఉందట.

జారిపోయిన దవడకీ మెడకీ కత్తే. చెవి ముందు నుంచి చెవి వెనక్కి కోస్తారు. పైచర్మాన్ని లాగి కుడితే నాలుగు రోజుల ముచ్చటే. చర్మం కింద ఇంకో గట్టి పొర ఉంటుంది, దాన్ని ఎత్తి కుడతారు. వయసుకి మెడ కండరం మధ్యలో రెండు పాయలుగా విడిపోతుంది. గడ్డం కింద చిన్న గాటు పెట్టి ఆ పాయల్ని దగ్గరికి చేర్చి కుడతారు. మచ్చ చెవి మడతలో దాగిపోతుంది. రెండు వారాలు బయటికి రాకూడదు. పది పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు ఉంటుంది. తర్వాత వయసు మళ్ళీ అక్కడి నుంచి నడుస్తుంది.

ఆ టీచరు గారి వయసెంత? బీపీ, షుగర్ ఉన్నాయా? మందులేమైనా పడవా?

ఫోటో తీసే మనిషికి ఫోటో ఉండదు పిన్నీ.

స్టెల్లా


మొవ్వ,
జూలై.

స్టెల్లాకి,

ఆ టీచరు వయసు యాభై ఆరు. బీపీ ఉంది, పొద్దున ఒక మాత్ర. షుగర్ లేదు. పెన్సిలిన్ పడదు. కుడి చెవి సరిగ్గా వినపడదు.

ఇక దాచి ఏం లాభం. నువ్వు మొదటి ఉత్తరానికే కనిపెట్టి ఉంటావు. కనిపెట్టి కూడా 'ఆ టీచరు గారు' అని మర్యాదగా రాశావు చూడు, అది మీ అమ్మ బుద్ధి. నేనైతే 'ఎవరికి పిన్నీ, నీకేనా?' అని అడిగేసేదాన్ని.

ఎందుకంటావు. పిల్లలు నన్ను అమ్మమ్మని చూసినట్టు చూస్తున్నారు. ఇంకో ఆరేళ్ళు సర్వీసు ఉంది. నల్లబల్ల దగ్గర నిలబడే మనిషి కాస్త ఉషారుగా ఉండాలి. అంతే.

డబ్బు సంగతి నేను చూసుకుంటాను. నీకు తెలియకుండా ఇంకో ఆస్పత్రికి పోవచ్చు. కానీ నా ముఖం కోసే చోట నా మనిషి ఒకరుండాలని అనిపించింది. మీ డాక్టరమ్మ గారిని అడుగు. ఎవరితోనూ అనకు.

వానలు మొదలయ్యాయి. మేక పాక కారుతుంటే పైన ఒక పట్టా కప్పాను.

డయానా పిన్ని


విజయవాడ,
జూలై ఆఖరు.

పిన్నికి,

నీ ఉత్తరం అందింది. డాక్టరు గారిని ఇంకా అడగలేదు. అడిగే ముందు నీకు కొన్ని సంగతులు తెలియాలి.

బీపీ ఉన్నవాళ్ళకి ఆపరేషన్ అయిన మొదటి రోజు చర్మం కింద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. అప్పుడు మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి కుట్లు విప్పుతారు. ముఖంలో నరాలు వెంట్రుకల్లా ఉంటాయి. ఏదైనా దెబ్బతింటే నవ్వినప్పుడు పెదవి ఒక పక్కకే కదలవచ్చు. చాలావరకు కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అందరికీ కాదు. చెవుల దగ్గర మొద్దుబారడం చాలాకాలం ఉంటుంది. చర్మం మానడం ఆలస్యమైతే మచ్చ బయటికి కనిపిస్తుంది.

పిల్లలు వయసు చూసి గౌరవిస్తారు గానీ తక్కువ చేయరు. నా సలహా వద్దనే.

అయినా వస్తానంటే, డాక్టరు గారు ముప్పై అయిదేళ్ళ వయసులో తీసిన ఫోటో ఒకటి తెమ్మంటారు. బుగ్గల్లో కొవ్వు అప్పుడు ఎక్కడ ఉండేదో చూడటానికి. నువ్వొక్కదానివే ఉన్నది కావాలి.

స్టెల్లా


మొవ్వ,
ఆగస్టు.

స్టెల్లాకి,

నీ ఉత్తరం ఆస్పత్రి గోడకి అంటించే కాగితంలా ఉంది. నువ్వు సిగ్గుపడుతున్నావని అర్థమైంది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, యాభై ఆరేళ్ళకి ముఖం బాగుచేయించుకుంటానంటే ఎవరికైనా సిగ్గే. పిల్లల సంగతి రాశాను గానీ అది నిజం కాదు. పిల్లలకి నా ముఖం ఎలా ఉంటేనేం, బెత్తం కనపడితే చాలు.

నేనొక్కదాన్నే ఉన్న ఫోటో కావాలన్నావు. ఆదివారం పెట్టె తీసి వెతికాను. అన్నింట్లోనూ మీ అమ్మ పక్కన ఉన్నాను. లేదంటే నిన్ను ఎత్తుకుని ఉన్నాను. నువ్వు బాగా పడాలని నా తల సగం కోసేశారు. నేనొక్కదాన్నే ఉన్న ఫోటో నా జన్మలో ఒక్కటే ఉంది. అది నువ్వు తీసిందే. కిందటి క్రిస్మస్‌కి, వరండాలో బియ్యం ఏరుతుంటే.

ఆ ఫోటో ఇప్పుడు ఎక్కడుందో చెప్పనా? మేక పాక మీద ఉంది.

మార్చిలో మీ అమ్మ ఏడాది జ్ఞాపకార్థ కూడికకి ఫ్లెక్సీ చేయించమని చర్చి సెక్రటరీ జాన్ పాల్‌కి చెప్పాను. నాకు ఆ రోజుల్లో చేతులు ఆడటం లేదు. ఏ ఫోటో అని అతను అడగలేదు, నేను ఇవ్వలేదు. కూడిక రోజు పొద్దున్నే తెచ్చి పందిరికి కట్టించాడు. నేను వంటవాళ్ళకి ఉప్పు ఇచ్చి బయటికొచ్చి చూశాను. మేఘాల మధ్యలో నేను. పక్కన తెల్ల పావురం. కింద 'ప్రభువునందు నిద్రించిన అమలమ్మ గారు' అని.

ఇదెక్కడిదయ్యా అన్నాను. "స్టెల్లా డీపీలోంచి తీస్కున్నానండి టీచరు గారూ. కూతురు పెట్టుకుందంటే తల్లే కదండీ. కూచిపూడి సెంటర్లో షాపువాడు మెడ మీద ముడతలన్నీ తీసేసి మంచిగా చేశాడు. అమలమ్మ గారు ఎంత కళగా ఉన్నారో చూడండి" అన్నాడు. నా ముఖంలోకి చూస్తూనే అన్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. అప్పటికే పాస్టరు అయ్యగారు వచ్చేశారు. జనం దిగుతున్నారు. ఎవరో ఒకరు కనిపెడతారులే, అందరం నవ్వుకుంటాంలే అనుకున్నాను. ఆరాధన అయిపోయింది, సాక్ష్యాలు అయిపోయాయి, భోజనాలు అయిపోయాయి. ఎవరూ కనిపెట్టలేదు. నా బొమ్మకి దండలు వేశారు. మన పక్కింటి పద్మావతమ్మ గారు ఫ్లెక్సీకి దణ్ణం పెట్టి, వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అచ్చం బతికున్నట్టే ఉందమ్మా" అంది.

నువ్వు బస్సు దిగి నేరుగా వచ్చావు. ఫ్లెక్సీ ముందు కూర్చుని ఏడ్చావు. నువ్వు నా బొమ్మ చూసి ఏడుస్తుంటే, నేను నీ పక్కనే కూర్చుని నీ వీపు నిమిరాను.

అప్పట్నుంచి చర్చిలో సగం మంది నన్ను అమలమ్మా అని పిలిచి నాలిక కరుచుకుంటున్నారు. కొందరు కరుచుకోవడం కూడా మానేశారు. పొద్దున అద్దం చూస్తే మీ అమ్మ కనిపిస్తుంది. ఈ ఏడాదిలో ముఖం జారి జారి సరిగ్గా ఆవిడ దగ్గరికి వచ్చి ఆగింది. ఆవిడ పోయింది స్టెల్లా. నేనింకా ఉన్నాను. ఆ సంగతి నలుగురికి తెలియాలి కదా. అందుకు అడిగాను. పెదవి పక్కకి పోతే పోనీ, అది నా పెదవి అవుతుంది.

ఫ్లెక్సీ పారేయడానికి మనసొప్పలేదు. పాక మీద కప్పిన పట్టా అదే. బొమ్మ లోపలివైపుకి వేశాను. మేకకి ఒక్కదానికే, పైకి చూస్తే నేను కనిపిస్తాను.

ఒక్కటే ఓదార్పు. నీ ఫోన్‌లో నీ పేరు పక్కన నా బొమ్మ పెట్టుకున్నావు. ఊరంతా నన్ను మర్చిపోయినా నీకు నేను నేనుగానే ఉన్నాను. జాన్ పాల్ అలా అన్నప్పుడు అంత బాధలోనూ ఆ ముక్క నాకు తీపిగానే తగిలింది.

డయానా పిన్ని


విజయవాడ,
సెప్టెంబరు.

పిన్నికి,

జవాబు ఆలస్యమైంది. చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ ఓదార్పు నేను మిగల్చలేకపోతున్నాను. నీకు అబద్ధం రాయడం చేతకావడం లేదు.

నేను కాన్వెంటు బోర్డింగులో పెరిగాను. అమ్మ నాకు సెలవుల్లో దొరికిన మనిషి. సెలవులు అయిపోయేటప్పటికి ఆవిడ ముఖం కాస్త అలవాటయ్యేది, మళ్ళీ బస్సు ఎక్కేసేదాన్ని. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ముక్కలుగా వస్తుంది. ముక్కుపుడక వస్తుంది. చెయ్యి వస్తుంది. ముఖం మొత్తంగా రాదు.

కిందటి క్రిస్మస్‌కి నువ్వు వరండాలో చేట పట్టుకుని బియ్యం ఏరుతున్నావు. తల వంచావు. గడ్డం కింద మెత్తగా ఒక మడత పడింది. అది అమ్మది. అమ్మ మిషన్ మీద రవికలు కుడుతూ తల వంచినప్పుడు అక్కడే, అలాగే పడేది. నేను ఫోన్ తీసి నొక్కాను. నేను తీసింది నిన్ను కాదు పిన్నీ. డీపీ పెట్టుకున్నది కూడా నిన్ను కాదు. జాన్ పాల్ గారు పొరబడలేదు. నేను ఏమని పెట్టుకున్నానో అదే అనుకున్నారు.

కూడిక రోజు నేను తీసిన ఫోటోని నేనే గుర్తుపట్టలేదు. రోజూ ముఖాలు చూసి బతికే మనిషిని. నీ ఉత్తరం చదివాక ఫోన్‌లో ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. నీ ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది, క్లాసులో ఎవడో విసిరిన డస్టర్ తగిలిందన్నావు చూడు, అది. షాపువాడు ముడతలతో పాటు దాన్నీ తీసేసి ఉంటాడు. అది తీసేస్తే మీరిద్దరూ ఒకటే.

రక్తం గడ్డకట్టడం గురించి, నరాల గురించి రాశాను. అవన్నీ నిజాలే. కానీ నా కారణం అవి కాదు. నీ మెడ కుట్టేస్తే ఆ మడత పోతుంది. ఇక అమ్మని చూడటానికి నాకు చోటుండదు. అందుకే వద్దన్నాను. సిగ్గుతో కాదు.

ఇది రాశాక వద్దనే హక్కు నాకు లేదని తెలుస్తోంది. డాక్టరు గారిని అడిగాను. బీపీ అదుపులో ఉంటే చేయవచ్చన్నారు. నేను చేయించుకోమని మాత్రం రాయలేను.

స్టెల్లా


మొవ్వ,
సెప్టెంబరు.

స్టెల్లాకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు ఎనిమిదో తరగతి మీద అరిచేసరికి పోయింది.

మీ అమ్మ మెడ నేను అడిగి తెచ్చుకోలేదు. అది నీకు నేను దాచిపెట్టాల్సిన నగా కాదు. కానీ నీ బాధ బాధే. మీ అమ్మని నువ్వు సెలవుల్లోనే చూశావు, నేను రోజూ చూశాను. ఆ ఎక్కువ తక్కువ నాకిప్పుడు తెలిసింది.

దసరా సెలవులకి వస్తాను. ఆపరేషన్‌కి ముందు తీసే ఫోటోలు నువ్వే తియ్యి. నీకు కావలసినన్ని తీసుకో. తర్వాత ఇక అడగకు.

ఫోన్‌లో ఆ బొమ్మ తీసెయ్యకు. ఎవరనుకుని పెట్టినా అది నాదే.

గొంతు ఆపరేషన్ అని చర్చిలో చెప్పాను. అయ్యగారు ఆదివారం ప్రార్థనాంశాల్లో నా గొంతు పెట్టారు. అందరూ కళ్ళు మూసుకుని నా గొంతు కోసం ప్రార్థిస్తుంటే కళ్ళు తెరిచి చూశాను. అబద్ధానికి కూడా ఆమేన్ అంటారు పాపం, మంచివాళ్ళు.

డయానా పిన్ని


విజయవాడ,
నవంబరు.

ప్రియమైన పిన్నికి,

మత్తులో ఉన్నప్పటి సంగతులు నీకు గుర్తుండవు. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

వంచిన ఫోటో ఎవరికైనా ఒకటే తీస్తాను. నీది ఎన్ని తీశానో తెలియదు. నువ్వు తల ఎత్తకుండానే "అయిందా?" అన్నావు. ఇంకొక్కటి అన్నాను. తర్వాత నువ్వు మళ్ళీ అడగలేదు. మెడ లాగుతున్నా అలాగే కూర్చున్నావు. నాకు తెలుసు, నీకూ తెలుసు.

డాక్టరు గారు నీ ముఖం మీద పెన్నుతో గీతలు గీస్తూ, "ఈ గాటు కూడా సరిచేసేద్దామా అండీ?" అన్నారు. "అది ఎనిమిదో తరగతి వాళ్ళ ఆస్తి, ముట్టుకోకండి" అన్నావు. ఆవిడ నా వైపు చూశారు. నేను కెమెరా వైపు చూశాను.

ఆపరేషన్ అయ్యాక నిన్ను గదిలోకి తెచ్చారు. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదుగా తెల్లటి కట్టు. వాపు తగ్గడానికి అందరికీ కట్టేదే. అలాంటి కట్టుతో ఉన్నవాళ్ళని ఎంతమందినో చూశాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. అమ్మని పెట్టెలో పెట్టేముందు, నోరు తెరుచుకోకూడదని నువ్వే పాత చీర చింపి అలాగే దవడ కట్టావు. అదే ముఖం. అదే కట్టు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను.

అప్పుడు కట్టులోంచి మాట వచ్చింది. "ఆ ఏసీ ఆపవే, చలికి చచ్చిపోతున్నా."

అమ్మ నన్ను ఎప్పుడూ ఏమే, రావే అని పిలవలేదు. చలేస్తే చలి అని కూడా చెప్పేది కాదు, చీర కొంగు కప్పుకునేది. అది నువ్వు. ఏసీ ఆపాను. ఆపి నీ కాళ్ళ మీద దుప్పటి కప్పాను.

సాయంత్రం మళ్ళీ కళ్ళు తెరిచావు. వాపుకి కళ్ళు సన్నటి గీతల్లా ఉన్నాయి. చాలాసేపు నన్నే చూశావు. "అక్కా, ఎప్పుడొచ్చావ్? జడేసుకోలేదేం?" అన్నావు. ఆ రోజు తలంటుకుని జుట్టు వదిలేశాను. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఇప్పుడే వచ్చాను అన్నాను.

"నా బొమ్మకి దండేశారక్కా. నేనుండగానే" అన్నావు. చిన్నపిల్ల చాడీ చెప్పినట్టు చెప్పావు.

అమ్మ అయితే ఏమనేదో నాకు తెలియదు. "తీయించేస్తాలే, పడుకో" అన్నాను. నువ్వు పడుకున్నావు.

అందుకే నిన్ను దింపడానికి వచ్చిన రోజు, నువ్వు లోపల నిద్రపోతుండగా పాక మీది ఫ్లెక్సీ లాగి మడిచి నాతో తెచ్చేశాను. అడగకుండా చేశాను. మాట ఇచ్చాను కాబట్టి చేశాను.

ఆ సాయంత్రం నుంచి హాస్టల్ అద్దంలో చూసుకుంటున్నాను. ముఖాల పని చేస్తాను గానీ నాది నాకు తెలియడం లేదు. నీకేం కనపడిందో ఒకసారి రాయి.

మాత్రలు మానకు. చెవి వెనక కుట్ల చోట మందు రాయడం మర్చిపోకు. ఎండలోకి వెళ్ళకు.

స్టెల్లా


మొవ్వ,
డిసెంబరు మొదటి వారం.

స్టెల్లా తల్లికి,

దీవెనలు. వాపు పూర్తిగా తగ్గింది. చెవుల దగ్గర ఇంకా మొద్దుగానే ఉంది. కమ్మ పెట్టుకుంటే పెట్టుకున్నట్టు తెలియదు, చేత్తో తడిమి చూసుకోవాలి. నవ్వితే రెండు వైపులా సమానంగానే పోతోంది. నవ్వడానికి ఏం దొరుకుతుందా అని చూస్తున్నాను.

నిన్న చాలా వారాల తర్వాత చర్చికి వెళ్ళాను. ముసుగు తీసి ముందు వరసలో కూర్చున్నాను. ఏమన్నారనుకున్నావు? "చిక్కిపోయారేంటి టీచరు గారూ, షుగర్ చూపించుకున్నారా?" అంది ఒకావిడ. "గొంతు ఆపరేషన్ కదా, తిండి దిగక" అంది ఇంకొకావిడ. పద్మావతమ్మ గారు ఇంటిముందు ఆపి కళ్ళజోడు సర్దుకుని పైకీ కిందకీ చూసి, "కొత్త చీరా?" అంది. ఇంతేనా అనిపించింది. ఇంత కోయించుకుంటే చీర దగ్గర ఆగారు.

కానీ ఒక్కరు కూడా అమలమ్మా అనలేదు. బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర అయ్యగారు, "డయానమ్మా, గొంతు ఎలా ఉంది?" అన్నారు. పేరు పెట్టి. బాగుందండీ అన్నాను. అంతకంటే ఏం మాట్లాడలేకపోయాను. నా గొంతు ఇంకా నయం కాలేదని ఆయన అనుకుని ఉంటారు.

ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాను. మీ అమ్మ లేదు. గాటు ఉంది, నేను ఉన్నాను. కోరుకున్నదే.

ఇంకెవరికీ చెప్పకు. ఇల్లు పెద్దదైపోయింది. ఇదివరకు పొద్దున్నే అద్దం దగ్గర ఇద్దరం ఉండేవాళ్ళం. 'వచ్చావా తల్లీ' అని విసుక్కుంటూ తల దువ్వుకునేదాన్ని. ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఎవరూ లేరు. మీ డాక్టరమ్మ వాపు గురించి చెప్పింది, నొప్పి గురించి చెప్పింది. ఇది చెప్పలేదు. ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది.

నాకేం కనపడిందని అడిగావు. మత్తులో ఏం అన్నానో నాకు గుర్తు లేదు. కానీ మత్తు లేకుండా చెబుతున్నా విను. నీ జుట్టు వదిలేస్తే నుదురు వరకు మీ అమ్మ. జడ వేసుకుంటే మొత్తం ఆవిడే. మెడ ఇంకా జారలేదు, దానికి టైముంది. ఇది నీకు ఎవరూ చెప్పలేదంటే, చెప్పాల్సిన మనిషిని నేనే. నువ్వు నా మెడ చూస్తూ కూర్చున్నావు, నేను అద్దం చూస్తూ కూర్చున్నాను. ఎవరూ నీ వైపు చూడలేదు.

ఫ్లెక్సీ తీసుకుపోయావు, సంతోషం. కానీ మొన్న తుఫాను వానకి మేక తడిసి ముద్దయింది. వరండాలోకి తెచ్చి కట్టాను. బియ్యం సంచీ చింపింది. తిట్టాను. తిడుతుంటే నా ఎదురుగానే నిలబడి తింది. మొదటిసారి.

డయానా పిన్ని


విజయవాడ,
డిసెంబరు.

పిన్నీ,

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. క్రిస్మస్ అయ్యేదాకా ఉంటాను.

మేక పాకకి పట్టా కొన్నాను, వన్ టౌన్‌లో సంజీవరావు గారి కొట్లోనే. ఆయన మెడ బాగా కుదిరింది. దాని మీద ఏ బొమ్మా ఉండకూడదన్నాను. "పట్టా మీద బొమ్మలేంటమ్మా" అన్నారు. నీలం రంగు. మందంగా ఉంది.

కెమెరా తేవడం లేదు.

జడేసుకుని వస్తాను.

స్టెల్లా